తాత ఉన్న పార్కు

నాయనమ్మ దినాలయిపోయిన వారానికి మూర్తి అంకుల్ మా ఇంటికి వచ్చారు. మా కాలనీకి మొట్టమొదటి అధ్యక్షుడు ఆయన. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వెలిమెల అపార్ట్‌మెంట్‌కు వెళ్లిపోయారు. ఆటో దిగి, చెప్పులు గడప బయటే విడిచి, మంచినీళ్లు తాగి, జ్వరం ఎన్నాళ్లుంది, ఏ ఆసుపత్రిలో చూపించారు అని మెల్లగా అడిగారు. అన్నీ అయ్యాక, "అమ్మగారిని ఎక్కడ ఉంచారు?" అన్నారు. "ఊరి బొందలగడ్డల సార్. మా నాయిన పక్కకే" అన్నాడు నాన్న. అంకుల్ గ్లాసు కింద పెట్టకుండా నా వైపు చూశారు. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాను. తాత పక్కన అని నాన్న చెప్పిన చోట తాత లేడని మా ముగ్గురికీ తెలుసు.

మా తాతను ఆయన చెల్క పొలంలోనే పెట్టారు. మా వైపు రైతుల ఇళ్లలో అదే పద్ధతి. భూమి ఉన్నవాడు భూమిలోనే పడుకుంటాడు. సమాధి అంటే పాలరాయేమీ కాదు, నాలుగు వైపులా రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, సున్నం కొట్టిన గద్దె. దున్నేటప్పుడు నాగలి దాని దాకా వచ్చి, మంచమంత జాగా వదిలి, చుట్టూ తిరిగి పోయేదట. ట్రాక్టరు వచ్చాక ట్రాక్టరూ అంతే. ఎవరూ గీత గీయలేదు, కర్ర పాతలేదు. కిరాయికి వచ్చిన కొత్త డ్రైవరు కూడా ఒకసారి చూసి తప్పుకునేవాడు. తాత పక్కన ఇంకో మంచమంత జాగా కూడా విత్తనం పడకుండా ఉండేది. అది నాయనమ్మది. పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్లకు చెయ్యి చాపి చూపించేది. "గది నా జాగ. ఆడ కూసోని ఒంటికి పోకున్రి" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ జాగాలో మొలిచిన గడ్డిని మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, తనే పీకేది.

ఊరి చుట్టూ భూములకు ధర వచ్చినప్పుడు నాన్న కూడా అమ్మాడు. బోరు ఎండిపోయింది, అప్పటికి రెండేళ్లుగా పత్తి మునిగింది, అందరూ అమ్ముతున్నారు. ఆయనను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ డబ్బుతో కట్టిన ఇంట్లోనే చదువుకుని పెరిగాను. అమ్మే రోజు నాన్న వెంచర్ ఆయనతో, "మా నాయినది ఆడ ఉన్నది" అన్నాడు. "దేవుని లెక్క చూసుకుంటం కాకా" అన్నాడు ఆయన. మాట అయిపోయింది. కాగితంలో అది రాయించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాగలికి కాగితం చూపించిన వాళ్లు మా వంశంలో లేరు. లేఅవుట్ వచ్చాక చూస్తే సమాధి ఉన్న చోటు పార్కులో పడింది. నాయనమ్మ చాలా సంతోషించింది. "ఆయన మీద ఇల్లు లేవదు, బండ్లు పోవు. పోరగాండ్లు ఆడుకుంటరు. ఇంకేం గావాలె" అంది.

మేం ఊరి నుంచి ఆ లేఅవుట్‌లో లేచిన కాలనీలోకి మారేసరికి నేను ఇంకా పలక పట్టే వయసులో ఉన్నాను. అర కిలోమీటరు దూరమే, అయినా వేరే దేశానికి వచ్చినట్టుండేది. పక్కింట్లో కాఫీ వాసన, ఎదురింట్లో పొద్దున్నే ఇడ్లీ పాత్ర మూత చప్పుడు. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ తెల్లారకముందే లేచి జొన్నపిండి తడిపి, అరచేతుల మధ్య రొట్టె తట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసికే ఆమె చేతుల వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం గాలి పాశమైలారం ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే ఒక ఘాటు వచ్చేది, కుళ్లిన గోబీలో మందు కలిపినట్టు. నాయనమ్మ వెంటనే కిటికీలు మూసి, "ఇయ్యాల గాలి అటు కెళ్లి వస్తున్నది, బట్టలు లోపలేసుకోండ్రి" అని వీధంతా వినబడేలా చెప్పేది. ఆ మాటకు అన్ని మేడల మీదా ఆడవాళ్లు తీగలు ఖాళీ చేసేవాళ్లు. కాలనీలో ఆమెకు ఉన్న ఉద్యోగం అదొక్కటే అనేవారు మూర్తి అంకుల్.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మా వైపు పెత్తరమాస అంటారు, పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. ఆ రోజు నాయనమ్మ గారెలు, మాంసం కూర, తెల్లన్నం విస్తరిలో సర్ది, ఒక చిన్న సీసాలో కల్లు పట్టుకుని పార్కుకు వెళ్లేది. వెనక నేను నీళ్ల చెంబుతో. సమాధి ముందు అన్నీ పెట్టి, చివరికి ఒక బీడీ వెలిగించి, తను ఒక్క గుంజు గుంజి, రాయి మీద ఆనించేది. అటుగా వాకింగ్‌కు వచ్చిన మూర్తి అంకుల్ మాంసం ముక్కనే చూడని మనిషి. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని నిలబడేవారు, కానీ వెళ్లిపోయేవారు కాదు.

"ఏం సారు, నీ కాలనీల నా మొగనికి కిరాయి ఎంత పడ్డది?" అనేది నాయనమ్మ.

"ఆయనే మాకు ఓనరండీ. మేమే కట్టాలి" అనేవారు.

"అయితే ఈ నెల కిరాయి కింద బీడీ కట్ట తెచ్చియ్యి."

నిజంగానే ఒక ఏడాది తెచ్చిచ్చారు. కాగితంలో చుట్టి, మందు బిళ్లల్లా చేతిలో పెట్టి, గబగబా వెళ్లిపోయారు.

ఆ రోజుల్లోనే మా చుట్టూ మిగతా కాలనీలు వచ్చాయి. మాది ఫ్యాక్టరీ ఉద్యోగులు చందాలేసుకుని వెంచర్ ఆయన దగ్గర కొన్నది, అన్నిటికంటే పాతది, పెద్దది. దాని వెనక బాలాజీ నగర్, సంగారెడ్డి, సదాశివపేట దుకాణాల వాళ్లు ఎక్కువగా కట్టుకున్నది. తర్వాత గేటూ కాపలా ఉన్న విల్లాలు. చివరికి రోడ్డు మీదికి ఒక అపార్ట్‌మెంట్ల గుంపు. దేని గోడ దానిది, దేని బోరు దానిది, దేని వినాయకుడు దానికే. బాలాజీ నగర్ మురుగు మా వైపు వస్తోందని గొడవ. మా పిల్లలు విల్లాల గేటులోకి సైకిళ్లు తెస్తున్నారని గొడవ. పటాన్‌చెరు శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిన ఒక చరిత్ర పుస్తకం దొరికినప్పుడు నాకు అదంతా మా గొడవలాగే అనిపించింది. సముద్రం దాటి వెళ్లి కొత్త నేల మీద వలసలు, అంటే కాలనీలే, కట్టుకున్న వాళ్ల కథ అది. ఒకటి వ్యాపారానికి వచ్చినవాళ్లది, ఒకటి తమ దేవుణ్ణి తమ తీరులో కొలుచుకోవడానికి వచ్చినవాళ్లది, ఒకటి అప్పులపాలైన వాళ్ల కోసం పెట్టినది. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒకదానితో ఒకదానికి హద్దు తగాదా. పక్క వలస వాడికంటే సముద్రం అవతలి రాజే దగ్గరివాడు అనుకునేవాళ్లట. ఒకటిన్నర శతాబ్దానికి పైగా అలా విడివిడిగా పెరిగి, ఒక పన్ను దగ్గర, ఒక యుద్ధం దగ్గర దగ్గరయ్యారు. అప్పుడు కూడా పెద్దవాళ్లకు ఎక్కువ ఓట్లా, అందరికీ సమానమా అని ఒక ఎండాకాలమంతా కిటికీలు మూసుకుని వాదించుకున్నారు.

ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు తెచ్చుకున్నాను. పదో తరగతి పిల్లను, ఎవరితోనూ మాట్లాడని దాన్ని, డైరీలో పేజీలకు పేజీలు రాసుకునేదాన్ని. ఆ వలసలు రాకముందు నుంచే ఆ నేల మీద ఉన్నవాళ్ల గురించి కూడా అందులో ఉంది. ఎక్కువ లేదు. వాళ్లకు ఫలానా వలసతో ఒక మాట ఉండేదని, ఇంకో వలసతో ఇంకో మాట ఉండేదని, వలసలన్నీ కలిసి దేశమయ్యాక ఆ మాటలు ఒక్కొక్కటే చెల్లకుండా పోయాయని. చదివాను. పేజీ తిప్పాను. రాసుకునేంత గొప్పగా అనిపించలేదు.

మమ్మల్ని దగ్గర చేసింది నీళ్లు. బోరు నీళ్లు బిందెలో పట్టి పెడితే తెల్లారేసరికి అడుగున పసుపు రంగు పేరుకునేది. అన్నం ఎర్రగా వచ్చేది. మంజీరా నీళ్లు కావాలని నాలుగు కాలనీల వాళ్లూ విడివిడిగా తిరిగి అలసిపోయారు. ఒక్కటిగా రండి, లైను వేయడం గురించి అప్పుడు చూద్దాం అని ఆఫీసులో చెప్పారట. మూర్తి అంకుల్ సమాఖ్య పెట్టాలని బయలుదేరారు. చిన్న కాలనీల వాళ్లు ఒప్పుకోలేదు. ఇళ్ల లెక్కన ఓట్లయితే మీరే అన్నీ మింగేస్తారని విల్లాల వాళ్లు మొహం మీదే చెప్పారు. ఒక సాయంత్రం ఆయన మా వరండాలో కూర్చుని నాన్నతో ఈ బాధంతా చెప్పుకుంటుంటే, టీ ఇవ్వడానికి వెళ్లిన నేను, నా అంతట నేను, నోరు తెరిచాను. ఆ దేశంలో చిన్న రాష్ట్రాలు ఇలాగే భయపడితే, ఒక సభలో పెద్దాచిన్నా లేకుండా అందరికీ సమానంగా ఓట్లు ఇచ్చారని చెప్పాను. అంకుల్ కప్పు కింద పెట్టి, మళ్లీ చెప్పమన్నారు. నాయనమ్మ గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ, "చూడు సారు, నా మన్మరాలు గింత మాట్లాడుడు నేను ఇప్పుడే ఇనుడు" అని మురిసిపోయింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, సంతోషంతో.

అలా సమాఖ్య ఏర్పడింది. కాలనీకి ఒక ఓటు. పార్కులు, రోడ్లు, వీధి దీపాలు అన్నీ సమాఖ్యవి. నీళ్ల దరఖాస్తులో జనాభా ఎక్కువ కనబడాలని రైలు పట్టాల వైపు వరస గదుల్లో ఉండే ఒడిశా, బీహార్ కార్మికులను కూడా మాలో కలిపి రాశారు. వాళ్లకు ఓటు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఊరి సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. ఊరు కాలనీ కాదు కదా. నాకూ తోచలేదు. మంజీరా నీళ్లు మొదటిసారి వచ్చిన రోజు నాయనమ్మ కొళాయి కింద దోసిలి పట్టి తాగి, "తియ్యగున్నయి" అని ఏడ్చింది.

నీళ్లు వచ్చాక హాల్ కావాలన్నారు. పెళ్లిచూపులకు, పుట్టినరోజులకు, సమావేశాలకు. రోడ్డుకు ఆనుకుని సమాఖ్యకు ఉన్న ఖాళీ జాగా మా పార్కులో తాత ఉన్న మూల ఒక్కటే. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో సమావేశం పెట్టారు. నేను చివరి వరుసలో కూర్చున్నాను. నాయనమ్మ లోపలికి రాలేదు, సంపు గట్టు మీద కూర్చుంది. విల్లాల తరఫున వచ్చిన ఆవిడ చాలా నెమ్మదస్తురాలు. "పెద్దావిడంటే మాకు గౌరవమేనండి. కానీ పిల్లలు ఆడుకునే చోట సమాధి, కల్లు సీసా... మా బాబు చీకటి పడితే అటు కిటికీ తెరవనివ్వడు" అంది. బాలాజీ నగర్ నుంచి వచ్చిన కిరాణా సేటు నాన్నను అన్నా అని పిలిచేవాడు. "తాతను తీసి పారేయమంటలేమన్నా. మర్యాదగ అయ్యగారిని పిలిచి, ఊరి బొందలగడ్డకు మారుద్దాం. ఖర్సంత సమాఖ్యదే" అన్నాడు. నాన్న లేచి, "అది మా అమ్మ జాగ గూడ" అని కూర్చుండిపోయాడు.

"ఈ ఒక్క విషయం మా కాలనీకి వదిలేయండి. ఇన్నేళ్లూ మాకు లేని ఇబ్బంది మీకెందుకు?" అన్నారు మూర్తి అంకుల్.

"పార్కులన్నీ సమాఖ్యవే అని మీరే కదండీ రాయించారు" అన్నాడు అపార్ట్‌మెంట్ల ఆయన. కోపంగా కాదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు.

చేతులెత్తారు. మూడు ఒకవైపు, మాది ఒకటి. ఇళ్ల లెక్కన అయితే అంత తేలిగ్గా మూలకు పడేవాళ్లం కాము. అంకుల్ కుర్చీలోంచి లేవలేదు. నేనే బయటికి వచ్చాను.

"ఏమన్నరు బిడ్డా?" అంది నాయనమ్మ.

"కాలనీకి ఒక ఓటు నాయనమ్మా. మనదొక్కటే హాల్ వద్దన్నది."

"మనోళ్లే ఎక్కువమంది ఉన్నరు గద."

"ఎంతమంది ఉన్నా ఒక్కటే. చిన్నోళ్లకు అన్యాయం గావద్దని గట్ల పెట్టుకున్నరు."

ఆమె సంపు గట్టు మీంచి దిగింది. "మంచిదే" అంది. తర్వాత, "మరి మీ తాతకు ఎన్ని?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసి ఉంటుందని అడిగింది.

నాన్న స్టే తెస్తానన్నాడు. ఆమే వద్దంది. "కోర్టులు గీర్టులు ఏమొద్దు. మీరు ఈళ్ల నడుమ బతకాలె. రేపు పిల్ల ఎవల మొకం చూస్తది" అంది. ఆ పిల్లను నేను. వరస గదుల నుంచి ఇద్దరు ఒడిశా వాళ్లు గడ్డపారలతో వచ్చారు. అయ్యగారు మంత్రం చదివారు. మనిషి లోతు తవ్వినా ఏమీ దొరకలేదు. "కుఛ్ నహీ హై అమ్మా, మిట్టీ హై" అన్నాడు వాళ్లలో పెద్దవాడు, తనదే తప్పయినట్టు. "మట్టే ఉంటది మరి. ఇన్నేండ్లాయె" అంది ఆమె. ఒక గంపలో మట్టి నింపి, ఎర్రగుడ్డ కప్పి, నాన్న నెత్తికెత్తుకున్నాడు. నాయనమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మీరు పోయిరాండ్రి అంది. నేను ఆమెతో ఉండిపోయాను. మట్టి గుంత వైపు తిరిగి, "గంపల ఎంత పడుతది బిడ్డా. మిగిలినాయన ఈడనే ఉన్నడు" అంది.

ఇప్పుడు ఊరి బొందలగడ్డలో, ఆ గంప మట్టి మీద కట్టిన గద్దె పక్కనే ఆమె ఉంది. వరసగా తవ్విన గుంతల్లో ఒకటి. నాన్న ఎవరడిగినా మా నాయిన పక్కకే అంటాడు. అలా అని అని ఆయన నమ్మేశాడేమో నాకు తెలియదు. సమాఖ్య మాత్రం ఇప్పుడు పేరుకే ఉంది. మేమంతా పెద్ద నగరంలో కలిసిపోయాం, పార్కులు ఎవరివో అడిగితే చెప్పేవాళ్లు లేరు. పెళ్లిచూపులు హోటళ్లలో చేసుకుంటున్నారు. హాల్‌లో ఇప్పటికీ రోజూ తెరిచేది ఒక్క గదే. మూర్తి అంకుల్ పట్టుబట్టి పెట్టించిన చదువుల గది. రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల, ఫ్యాను. "ఇది నీకోసమేనమ్మా" అన్నారు, కళ్లలోకి చూడకుండా. కాలేజీ రోజుల నుంచీ దాని తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నేను చదివిన పుస్తకాల్లో సగం ఆ గదివే. ఆ గది తాత ఉన్న మూలలోనే ఉంది.

నాయనమ్మ చివరి దాకా ఆ గదికి వచ్చేది. చెప్పులు బయట విడిచి, గోడ వారగా నేల మీద కూర్చునేది. కుర్చీ వేస్తే వద్దనేది. ముసలామె ఫ్యాను గాలికి వస్తోందని అందరూ అనుకునేవాళ్లు, నేనూ అవునన్నట్టు ఊరుకునేదాన్ని. పోయిన పెత్తరమాసకు నాన్న బొందలగడ్డకు విస్తరి తీసుకుపోయాడు. ఆమె మోకాళ్ల నొప్పులని ఇంట్లో ఉండిపోయి, సాయంత్రం చదువుల గదికి వచ్చింది. కొంగులో ముడేసిన గారె తీసి, సగం తను తిని, సగం గోడకూ టైలుకూ మధ్య పెట్టింది. పుస్తకాలు మార్చుకోవడానికి విల్లాల ఆవిడ, ఇంకో ఇద్దరు వచ్చారు. నేను లేచి అటు అడ్డంగా నిలబడ్డాను. వాళ్లు వెళ్లాక చీపురు తెచ్చి ఆ సగం గారె ఊడ్చేశాను. ప్రతి ఏడూ అలాగే ఊడ్చేదాన్ని, ఆమె వెళ్లిపోయాక. ఆ రోజు మాత్రం ఆమె ఇంకా వెళ్లలేదని మరిచిపోయాను. గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"ఊడ్చినవా?" అంది.

"చీమలు పడుతయి నాయనమ్మా."

"ఎవలన్న చూసిన్రా?"

"చూడలే."

"గట్లనే ఊడువు బిడ్డా" అంది, నా భుజం పట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "నీకు మాట రావద్దు."